తంతే బూరెల బుట్టలో పడాలంటే...

పేరులో ఫుట్ ఉన్నా ఆట చాలావరకు చేతులతోనే సాగే అమెరికన్ ఫుట్‌బాల్‌లో, కాలికి పని చెప్పే ఘట్టం ఫీల్డ్ గోల్. అరవై గజాల అవతలి నుంచి బంతిని స్తంభాల మధ్యకు తన్నడం ఒకప్పుడు వింత. ఇప్పుడది కోచ్‌లు ముందే లెక్కలో వేసుకునే అస్త్రం. యాభై అయిదేళ్లలో ఈ మార్పు ఎలా వచ్చింది?

క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు. అలాంటి పిచ్‌లు మూడు, ఒకదాని కొసకు ఇంకోటి ఆనించి పరిచినట్టు ఊహించుకోండి. ఈ చివర గడ్డి మీద రెండు కొసలూ మొనదేలిన తోలుబంతి నిలబెట్టి ఉంది. ఆ చివర రెండు నిలువు స్తంభాలు. వాటి మధ్య ఖాళీ పద్దెనిమిదిన్నర అడుగులు. రెండింటినీ కలుపుతూ పది అడుగుల ఎత్తున, అంటే సుమారుగా మన ఇంటి శ్లాబు ఎత్తున, ఓ అడ్డకడ్డీ. ఒక్క తన్నుతో బంతి ఆ కడ్డీ మీదుగా, ఆ స్తంభాల నడుమ నుంచి వెళ్లాలి. ఎదురుగా పదకొండు మంది ఆపడానికి కాచుకుని ఉంటారు. చేతిలో ఉండే సమయం సెకనున్నర కూడా కాదు.

2021 సెప్టెంబరు 26న డెట్రాయిట్‌లోని ఫోర్డ్ ఫీల్డ్‌లో బాల్టిమోర్ రేవెన్స్ కిక్కర్ జస్టిన్ టకర్ ముందున్న పని ఇదే. గడియారంలో మూడు సెకన్లు. రేవెన్స్ 16, డెట్రాయిట్ లయన్స్ 17. దూరం సరిగ్గా 66 గజాలు. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) చరిత్రలో అంతదూరం నుంచి ఎవరూ కొట్టలేదు. టకర్ మామూలు కంటే ఇంకాస్త వెనక్కి వెళ్లి, ఓ గెంతు గెంతి, ఒళ్లంతా కాలిలోకి తెచ్చుకుని తన్నాడు. బంతి వెళ్లివెళ్లి అడ్డకడ్డీకే తగిలింది. స్టేడియం ఊపిరి బిగబట్టింది. తగిలిన బంతి పైకి ఎగిరి, అవతలి పక్కకే పడింది. 19-17. తంతే బూరెల బుట్టలో పడ్డాడు అనేది ఇలాంటివాణ్ని చూసే.

చిత్రమేమిటంటే, ఇదే డెట్రాయిట్ జట్టు, ఇదే 19-17 స్కోరుతో, చివరి క్షణపు రికార్డు తన్నుకే 1970లోనూ ఓడింది. ఆ రెండు తన్నుల మధ్య పెరిగిన దూరం మూడంటే మూడు గజాలు. ఆ మూడు గజాల వెనక మాత్రం అరశతాబ్దపు కథ ఉంది.

గజాల ఆట

గజాలంటే మనకు ఇంటి స్థలాలే గుర్తొస్తాయి. అమెరికన్ ఫుట్‌బాల్ కూడా ఒకరకంగా స్థలం ఆక్రమించే ఆటే. మైదానం వంద గజాలు. నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకు జరగాలి, లేదంటే బంతి అవతలి జట్టుది. చివరిదాకా తీసుకెళ్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. మధ్యలో దారి మూసుకుపోతే ఒక ఉపాయం ఉంది: కిక్కర్‌ని పిలిచి ఫీల్డ్ గోల్ కొట్టించడం. స్తంభాల మధ్య నుంచి వెళ్తే మూడు పాయింట్లు.

దూరం లెక్కపెట్టడంలో ఓ మెలిక ఉంది. గోల్ గీతకు అవతల పది గజాల ఎండ్ జోన్, దాని చివర స్తంభాలు. ఇటు బంతిని ఆట మొదలయ్యే గీతకు ఏడెనిమిది గజాలు వెనక్కి విసిరించుకుని తన్నుతారు. అందుకే గోల్ గీత ముప్పై గజాల దూరంలో కనిపిస్తున్నా, కిక్కర్ తన్నాల్సింది 47 లేదా 48 గజాలు. టీవీ ముందు కూర్చున్న కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

ఆ స్తంభాలు ఎప్పుడూ వెనకాలే లేవు. 1974కి ముందు దశాబ్దాలపాటు లీగ్‌లో గోల్ గీత మీదే ఉండేవి. కిక్కర్లు మరీ సులువుగా పాయింట్లు ఏరుకుంటున్నారని ఆ ఏడాది వెనక్కి జరిపారు. అంతకుముందు తప్పిన తన్ను గోల్ గీత దాటిపోతే అవతలి జట్టు తన 20 గజాల గీత నుంచే మొదలుపెట్టేది కాబట్టి, ఎంతదూరం నుంచి తన్ని చూసినా పెద్దగా నష్టం ఉండేది కాదు. 1974 నుంచి తప్పితే బంతి ఆట మొదలైన గీత దగ్గరికే తిరిగొచ్చేది. 1994లో ఇంకో మెట్టు బిగించారు: ఎక్కడి నుంచి తన్నారో అక్కడే ప్రత్యర్థి చేతికి. అంటే 66 గజాల తన్ను తప్పితే, ప్రత్యర్థి మన గోల్‌కు 44 గజాల దగ్గర కూర్చున్నట్టే. దూరపు తన్నుకి లీగ్ కట్టిన సుంకం అది.

వేళ్లు లేని పాదం

1970 నవంబరు 8. న్యూ ఆర్లీన్స్‌లోని టులేన్ స్టేడియం. సెయింట్స్ జట్టు ఆ సీజన్ మొత్తంలో గెలిచింది రెండే మ్యాచ్‌లు, డెట్రాయిట్ మీద ఆడిన ఇది రెండోది. జె.డి. రాబర్ట్స్‌కి హెడ్ కోచ్‌గా అదే మొదటి ఆట. రెండు సెకన్లు మిగిలుండగా, ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, టామ్ డెంప్సీ మైదానంలోకి వచ్చాడు.

డెంప్సీకి పుట్టుకతోనే కుడిపాదానికి వేళ్లు లేవు, కుడిచేతికీ లేవు. ఆ పాదానికి ముందుభాగం బల్లపరుపుగా ఉండే ప్రత్యేకమైన బూటు వేసుకునేవాడు. అప్పటిదాకా రికార్డు 1953లో బాల్టిమోర్ కోల్ట్స్ ఆటగాడు బర్ట్ రెచిచార్ కొట్టిన 56 గజాలు. బంతి పట్టుకుని నిలబెట్టే జో స్కార్పాటి, మామూలుగా ఉండే ఏడు గజాలకు బదులు ఎనిమిది గజాలు వెనక్కి వెళ్లాడు. కిక్కర్‌కి ఇంకో రెప్పపాటు సమయం దొరకాలని. డెంప్సీ నేరుగా పరుగెత్తుకొచ్చి తన్నాడు. 63 గజాలు. పాత రికార్డుని అంగుళాల్లో కాదు, ఏకంగా ఏడు గజాల తేడాతో దాటేశాడు.

ఆ బూటు సుత్తిలా పనిచేసిందని కొందరు గొణిగారు. 1977లో లీగ్ ఓ నిబంధన తెచ్చింది: కృత్రిమ అవయవానికి తొడిగే బూటైనా సరే, తన్నే వైపు మామూలు బూటులాగే ఉండాలని. దానికి డెంప్సీ పేరే స్థిరపడింది. అనుమానించేవాళ్లు మర్చిపోయే సంగతొకటుంది. వేళ్లు లేని పాదానికి మామూలు మనిషికుండే పట్టు, తూకం ఉండవు. ఉన్నదానితో ఆయన చేసింది లేనివాటి లెక్కలో కొట్టుకుపోకూడదు. డెంప్సీ 2020 ఏప్రిల్‌లో కరోనా సోకి, 73వ ఏట కన్నుమూశారు. ఆయన 63 గజాలను నలభై మూడేళ్లపాటు ఎవరూ దాటలేదు.

ఏటవాలుగా వచ్చిన మార్పు

డెంప్సీ తరం తన్నేది ముందునుంచి, బొటనవేలి కొసతో. ఆ పద్ధతిని చెరిపేసింది అమెరికన్లు కాదు, సాకర్ ఆడుతూ పెరిగిన వలసబిడ్డలు.

1956 తిరుగుబాటు తర్వాత హంగరీ వదిలి వచ్చిన కుటుంబం గొగొలాక్‌లది. వాళ్ల అబ్బాయి పీట్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదివి, 1964లో బఫెలో బిల్స్‌లో చేరాడు. బంతికి ఏటవాలుగా పరుగెత్తుకొచ్చి, పాదం పైభాగంతో, సాకర్ ఆటగాడిలా తన్నాడు. జనం వింతగా చూశారు. వెనకాలే నార్వే నుంచి యాన్ స్టెనెరుడ్ వచ్చాడు. అతను మోంటానా స్టేట్‌కి వచ్చింది స్కీ జంపింగ్ స్కాలర్‌షిప్ మీద! మంచుకొండల మీంచి దూకడానికి వచ్చినవాడు కిక్కరై, 1991లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. తన్నడం తప్ప ఇంకో పని చెయ్యని ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

ఏటవాలు పద్ధతి ఎందుకు గెలిచింది? నేరుగా వచ్చి తన్నితే పనిచేసేది మోకాలే. పక్కనుంచి వస్తే తుంటి తిరుగుతుంది, ఆ తిప్పులోని వేగమంతా పాదంలోకి దిగుతుంది. బొటనవేలికి బంతి తాకే జాగా రూపాయి బిళ్లంత. పాదం పైభాగానికి అరచేయంత. అందువల్ల వేగమూ ఎక్కువే, గురీ ఎక్కువే. నేరుగా తన్నిన చివరి పూర్తికాలపు కిక్కర్ మార్క్ మోస్లీ 1986లో తప్పుకున్నాడు. 1982లో లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి అందుకున్నవాడాయన. వెళ్తూ ఓ శకాన్ని వెంట తీసుకెళ్లాడు.

కళాశాల ఆటలో ఈ ఒరవడి ఇంకా ముందుకెళ్లింది. 1976 అక్టోబరు 16ని టెక్సస్ మర్చిపోదు. ఆ ఒక్కరోజే టెక్సస్ ఎ అండ్ ఎమ్ కిక్కర్ టోనీ ఫ్రాంక్లిన్, బూటు లేని కాలితో, 64 గజాలు ఒకటి, 65 గజాలు ఒకటి కొట్టాడు. అదేరోజు అదే రాష్ట్రంలో, అబిలీన్ క్రిస్టియన్ తరఫున స్వీడన్ కుర్రాడు ఓవె యొహాన్సన్ 69 గజాలు కొట్టి ఆ రెండింటినీ వెనక్కి నెట్టాడు. అప్పట్లో కళాశాల ఆటలో బంతి కింద చిన్న పీట పెట్టుకునే వీలుండేది. 1989లో ఆ పీట తీసేశారు.

1.3 సెకన్లు, ముగ్గురు మనుషులు

కిక్కర్ ఒక్కడే కనిపిస్తాడు గానీ, పని ముగ్గురిది. స్నాపర్ తలవంచి కాళ్ల మధ్యనుంచి బంతిని వెనక్కి విసురుతాడు. ఏడెనిమిది గజాల వెనక మోకాలు మీద కూర్చున్న హోల్డర్ దాన్ని పట్టుకుని, నేలమీద నిలబెట్టి, బంతి కుట్ల లేసులు గోల్ వైపు తిరిగేలా వేలితో తిప్పుతాడు. లేసులు పాదానికి తగిలితే బంతి ఎటు పోతుందో చెప్పలేం. కిక్కర్ అప్పటికే పరుగు మొదలుపెట్టి ఉంటాడు. విసరడం నుంచి తన్నడం దాకా అంతా దాదాపు 1.3 సెకన్లలో అయిపోవాలి. ఆలస్యమైతే ఎదుటివాళ్ల చేతులు బంతికి అందుతాయి.

కిక్కర్ ముందుగానే మూడడుగులు వెనక్కి, రెండడుగులు పక్కకి కొలుచుకుని నిలబడతాడు. ఆఖరి అడుగు అన్నింటికంటే పొడవు. ఆనే కాలు బంతి పక్కన, మడమ కదలకుండా, వేళ్లు గోల్ వైపు చూస్తూ దిగాలి. తన్నే కాలి మోకాలు మడిచి, తుంటి తిరిగాక చివరి క్షణంలో కొరడాలా విప్పుకోవాలి. చీలమండ బిగుసుకుని రాయిలా ఉండాలి. పాదం మీది గట్టి ఎముక బంతి నడుముకి కాస్త కింద తగలాలి. తగిలాక ఆగకూడదు, కాలితోపాటు ఒళ్లంతా గోల్ వైపే సాగిపోవాలి.

దూరం పెరగాలంటే గట్టిగా తన్నాలనుకోవడం కొత్తవాళ్లు పడే బోల్తా. బలం పెట్టాలనుకోగానే తల పైకి లేస్తుంది, నడుము వెనక్కి వాలుతుంది, బంతి పక్కకి పోతుంది. లక్ష్మణ్ కవర్ డ్రైవ్ చూసినవాళ్లకి ఈ రహస్యం వేరే చెప్పక్కర్లేదు. బ్యాటు విసిరినట్టే ఉండదు, బంతి మాత్రం తాడు దాటుతుంది. కిక్కర్‌కీ టైమింగే ప్రాణం. అదనపు గజాలు కండలోంచి కంటే చివరి రెండడుగుల వేగంలోంచి, శుభ్రమైన తాకిడిలోంచి వస్తాయి.

కోణం తప్పితే గోవిందా

కాస్త లెక్క వేసి చూద్దాం. 33 గజాల దూరంలో స్తంభాల మధ్య గురి అటూ ఇటూ అయిదు డిగ్రీలు తప్పినా బంతి లోపలే పడుతుంది. 66 గజాల్లో ఆ వెసులుబాటు సగమైపోతుంది. ఒక్కో వైపు 2.7 డిగ్రీల లోపే. గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క గీత జరిగితే ఆరు డిగ్రీలు. అందులో సగం కూడా కాదు.

ఎత్తు సంగతి ఇంకో తలనొప్పి. ఎనిమిది గజాల ముందు నిలబడి చేతులెత్తిన ఆజానుబాహువులు దాదాపు పది అడుగుల గోడ. దాన్ని దాటాలంటే బంతి కనీసం 23 డిగ్రీల వాలులో లేవాలి. దూరం కావాలంటే తక్కువ ఎత్తులో, వేగంగా పంపాలనిపిస్తుంది. మరీ తగ్గిస్తే గోడకి కొట్టుకుంటుంది. దూరపు తన్నులన్నీ ఈ ఇరుకు సందులోంచి వెళ్లాల్సినవే.

గాలి కూడా ఆడుతుంది. డెన్వర్ సముద్రమట్టానికి మైలు ఎత్తున, అంటే హైదరాబాద్ ఎత్తుకు దాదాపు మూడింతల మీద ఉంది. అక్కడ గాలి పలచన, బంతికి అడ్డు తక్కువ. డెంప్సీ రికార్డుని 1998లో సమం చేసిన జేసన్ ఈలమ్, 2011లో సమం చేసిన సెబాస్టియన్ జానికౌస్కీ ఇద్దరూ అక్కడే కొట్టారు. 2013 డిసెంబరు 8న మ్యాట్ ప్రేటర్ 64 గజాలతో ఆ రికార్డుని దాటిందీ అక్కడే, అదీ ఎముకలు కొరికే చలిలో. చలికి బంతి గట్టిపడుతుంది, గాలి చిక్కబడుతుంది. ఎత్తు ఇచ్చినదాంట్లో చలి కొంత తిరిగి లాక్కుంది.

తప్పితే అంతే

టకర్ చరిత్ర సృష్టించిన 2021 సెప్టెంబరు 26నే, జాక్సన్‌విల్‌లో ఇంకో దూరపు తన్ను పడింది. అరిజోనా తరఫున తన్నింది 2013 నాటి ఆ ప్రేటరే. 68 గజాలు. బంతి అందలేదు. స్తంభాల కింద కాచుకుని ఉన్న జాక్సన్‌విల్ ఆటగాడు జమాల్ ఆగ్న్యూ దాన్ని ఒడిసిపట్టి, మైదానం ఆ కొస నుంచి ఈ కొస దాకా 109 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఒకే రోజు, ఒకే రకం సాహసం. ఒకచోట గెలుపు, ఒకచోట ఎదురుదెబ్బ.

కళాశాల జట్టు అలబామా అభిమానులనడిగితే 2013 నవంబరు 30 గురించి చెబుతారు, చెప్పే ఓపిక ఉంటే. ఆట చివరి సెకనులో వాళ్లు 57 గజాల తన్ను ప్రయత్నించారు. అందని బంతిని ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ పట్టుకుని మైదానమంతా పరుగెత్తి గెలిపించాడు. తన్ను తన్నే జట్టులో ఉండేవాళ్లు ఎక్కువగా భారీకాయులు. వెనక్కి తిరిగి పరుగుపందెం గెలవడం వాళ్లవల్ల కాదు. అందుకే కోచ్‌లు అరవై దాటిన తన్నుల్ని చాలాకాలం అర్ధభాగం చివరి సెకన్లకే దాచుకునేవారు.

కోడింగ్ వదిలి మైదానానికి

ఆ భయం సడలించినవాళ్లలో ముందువరసలో ఉంటాడు డల్లాస్ కౌబాయ్స్ కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ. నోటర్ డామ్‌లో సాకర్ ఆడాడు. 2017లో టొరొంటో ఎఫ్‌సీ ఎంపిక చేసుకుంది. ఆ దారి ముందుకు సాగలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. ఓ రోజు టీవీలో మ్యాచ్ చూస్తుంటే, కిక్కర్‌ని చూపించి ‘నువ్వూ ఇది చెయ్యగలవు’ అంది భార్య. ఉద్యోగం చేస్తూనే ఏళ్లపాటు సాధన చేశాడు. 2022, 2023ల్లో బర్మింగ్‌హామ్ స్టాలియన్స్‌తో యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే మరో ఫుట్‌బాల్ లీగ్ టైటిళ్లు గెలిచి, 2023లో ఇరవై ఎనిమిదేళ్ల వయసులో కౌబాయ్స్‌లో చేరాడు. మొదటి 35 ఫీల్డ్ గోల్స్‌లో ఒక్కటీ తప్పలేదు. 2024 సెప్టెంబరులో 65 గజాలు. 2025 సెప్టెంబరు 14న న్యూయార్క్ జెయింట్స్ మీద ఆట చేజారిపోతుంటే 64 గజాల తన్నుతో సమం చేసి, అదనపు సమయంలో ఇంకో తన్నుతో గెలిపించాడు.

కౌబాయ్స్ ప్రధాన స్థావరం ఫ్రిస్కోలో ఉంది. డల్లాస్ శివార్లలో తెలుగువాళ్లు వేల కుటుంబాలుగా స్థిరపడిన ఊళ్లలో అదొకటి. ల్యాప్‌టాప్ మూసి మైదానానికి వెళ్లిన ఆబ్రీ కథ, అక్కడి మన ఇళ్లలో పిల్లలకి ఇష్టంగానూ పెద్దలకి కొంచెం గుబులుగానూ వినిపిస్తుందంటే ఆశ్చర్యం లేదు.

మెత్తబడిన బంతి

దూరం పెరగడానికి బంతి కూడా ఓ కారణం. కొత్త తోలుబంతి రాయిలా ఉంటుంది, కాలికి లొంగదు. ఒకప్పుడు కిక్కర్లు దాన్ని మెత్తబరచడానికి చెయ్యని ప్రయోగం లేదు. బట్టలారబెట్టే యంత్రాల్లో వేసి తిప్పారనీ ఓవెన్లలో పెట్టారనీ కథలున్నాయి. 1999లో లీగ్ తన్నుల కోసం విడి బంతులు పెట్టి, మ్యాచ్ రోజుదాకా జట్ల చేతికి ఇవ్వకుండా కట్టడి చేసింది. 2025లో ఆ కట్టు వదిలింది. జట్లు ముందే బంతులు తీసుకుని, నిబంధనల లోపల వాటిని సానబట్టుకోవచ్చు. ఆ సీజన్‌లో దూరపు తన్నులు జోరందుకోవడంతో, ఘనత కాళ్లదా బంతులదా అని చర్చ మొదలైంది.

ఆ ఏడాది ఆగస్టులో జాక్సన్‌విల్ జాగ్వార్స్ కుర్రాడు కామ్ లిటిల్ సన్నాహక మ్యాచ్‌లో 70 గజాలు కొట్టాడు. సన్నాహకం కాబట్టి రికార్డుల్లోకి ఎక్కలేదు. నవంబరు 2న లాస్ వేగాస్‌లో, పైకప్పున్న అలీజియంట్ స్టేడియంలో, మొదటి అర్ధభాగం చివర 68 గజాలు కొట్టాడు. టకర్ రికార్డు నాలుగేళ్లకే చెరిగిపోయింది. లిటిల్ వయసు అప్పటికి ఇరవై రెండు.

బంతి మెత్తబడ్డ మాట నిజమే. కానీ మెత్తటి బంతి గురి నేర్పదు. 1.3 సెకన్లలో ముగ్గురిని ఒక్క మనిషిలా కదిలించదు. చిన్నప్పటి నుంచీ ఈ ఒక్క పనే నేర్చుకునే పిల్లలు, వాళ్లకి ప్రత్యేక శిక్షకులు, ప్రతి తన్నునీ మళ్లీ మళ్లీ చూసుకునే వీడియోలు తోడైతేనే ఆ బంతి ఉపయోగపడింది.

మైలురాళ్లు

1953: బర్ట్ రెచిచార్, 56 గజాలు
1970: టామ్ డెంప్సీ, 63 గజాలు
2013: మ్యాట్ ప్రేటర్, 64 గజాలు
2021: జస్టిన్ టకర్, 66 గజాలు
2025: కామ్ లిటిల్, 68 గజాలు

రికార్డు కదిలింది అయిదు గజాలే

ఈ జాబితాని పైపైన చూస్తే యాభై అయిదేళ్లలో రికార్డు ముందుకు జరిగింది అయిదే గజాలు. ఇంతేనా అనిపిస్తుంది. అసలు మార్పు జాబితాలో లేదు. 1970లో లీగ్ కిక్కర్లు అన్ని దూరాలూ కలిపి నూటికి అరవై తన్నులు కూడా సరిగా కొట్టలేదు. ఇప్పుడు నూటికి ఎనభై అయిదు దాకా కొడుతున్నారు, అదీ అప్పటికంటే చాలా దూరం నుంచి. యాభై గజాల తన్ను అప్పట్లో మరుసటి రోజు పేపర్లో శీర్షిక. ఇప్పుడు ప్రేక్షకులు పాప్‌కార్న్ కొనుక్కోవడానికి లేచే సమయం. డెంప్సీ తన్ను ఒక మహాద్భుతం. ఆబ్రీ తన్ను కోచ్ కాగితం మీద ముందే రాసుకున్న ప్రణాళిక. ఆటలో అసలైన ప్రగతి అంటే రికార్డు పెరగడం కాదు, నిన్నటి రికార్డు ఇవాళ్టి మామూలు పనిగా మారడం.

టకర్ బంతి కడ్డీకి తగిలి అవతల పడటం అదృష్టమే, కాదనలేం. కానీ అరవై ఆరు గజాలు ప్రయాణించి, రెండు స్తంభాల నడుమ, ఆ కడ్డీ దాకా వెళ్లడం అదృష్టం కాదు. బూరెల బుట్టలో పడాలంటే ముందు తన్ను బుట్టదాకా చేరాలి.

ఈసారి ఊళ్లో క్రికెట్ గ్రౌండుకి వెళ్లినప్పుడు ఓ వికెట్ దగ్గర నిలబడి చూడండి. అవతలి వికెట్, దాని అవతల ఇంకో పిచ్, ఇంకో పిచ్, ఆపైన మరో రెండు గజాలు. అక్కడ మీ ఇంటి శ్లాబు ఎత్తున ఓ కడ్డీ. 2025 నవంబరులో ఇరవై రెండేళ్ల కుర్రాడు బంతిని దాని మీదుగా పంపించాడు.